మధ్యాహ్నపు మందు

"ఫోన్ కింద పెట్టరా. ముందు ఆ ఫోన్ కింద పెట్టు."

"పెట్టను. నీ మాట విని విని ఇక్కడిదాకా తెచ్చుకున్నాం."

"నా మాటేమిటి? ఇంట్లోనే ఉంటానని అమ్మే అడిగింది. నీ ఎదురుగానే అడిగింది. బుద్ధిగా తలూపావు కదా అప్పుడు!"

"అప్పుడు ఇంత నొప్పి లేదక్కా! ఇప్పుడు విను. ఒక్కసారి విను!"

ప్రత్యేకంగా చెవి ఒగ్గి వినక్కర్లేదు. ఇల్లంతా అదే వినిపిస్తోంది. ముందు గదిలో, కిటికీ పక్కన మంచం మీద వాళ్ళ అమ్మ, ఈ ఇంటి కోడలికి అత్తగారు, మూలుగుతోంది. అది అరుపు కాదు, అరిచే ఓపిక ఎప్పుడో అయిపోయింది. పళ్ళు బిగపట్టి ఊపిరి పీల్చి, వదిలేటప్పుడు మాత్రం ఆపుకోలేక వచ్చే చప్పుడు. మంచం కింద గాలి పరుపు మోటారు గుర్రుమని ఆగినప్పుడల్లా ఆ చప్పుడు స్పష్టంగా బయటపడుతోంది.

జబ్బు వెన్నులోకి పాకాక కూడా మొన్నమొన్నటిదాకా ఇలా లేదు. మందు వేస్తే తగ్గేది, వేళకి వేస్తే అసలు వచ్చేదే కాదు. ఈ మధ్యే సాయంత్రమయ్యేసరికి ఇదీ వరస. సరిగ్గా పిల్లలిద్దరూ పనుల నుంచి ఇంటికి చేరే వేళకి.

తమ్ముడు కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. పొద్దస్తమానం పిల్లలకి చెప్పి చెప్పి, ఇంటికొచ్చేసరికి గొంతు ఎక్కడో తాకట్టు పెట్టి వచ్చినట్టుంటాడు. అక్కతో తగువుకి మాత్రం ఆ గొంతు ఎక్కడినుంచి ఊడిపడుతుందో తెలియదు. అక్కకి రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణం. షట్టరు దించేసి తిన్నగా ఇక్కడికే వచ్చింది. హ్యాండ్ బ్యాగ్ ఇంకా భుజానే ఉంది.

కోడలు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. తగువులో ఆమె అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు ఆ ఇంటికి లేదు. పొద్దున్న నుంచి రాత్రి దాకా అత్తగారిని కనిపెట్టుకుని ఉండేది ఆమే అయినా, ఆ సంగతి కుళాయిలో నీళ్ళు వచ్చినంత మామూలుగా అందరికీ అలవాటైపోయింది.

"అంబులెన్సు పిలుస్తున్నాను. ఇక నాతో వాదించకు," అన్నాడు ఆమె భర్త.

"పిలువు. తీసుకెళ్ళు. అక్కడ గొట్టాలు పెట్టి, తెర కట్టి, మనల్ని బయట బెంచీ మీద కూర్చోబెడతారు. చివరికి అమ్మ మొహం చూడ్డానికి వాచ్‌మన్‌ని బతిమాలుకో."

"నొప్పితో చస్తుంటే చూస్తూ కూర్చోమంటావా?"

'చస్తుంటే' అన్న మాట నోరు దాటాక అతనికే వినబడినట్టుంది. ఫోన్ పట్టుకున్న చెయ్యి దానంతట అదే దిగిపోయింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ అనని మాట అది.

అప్పుడే వీధి గేటు చప్పుడైంది. ఇంటింటికీ తిరిగి ఇక నయంకాని రోగుల్ని చూసుకునే సిస్టర్ వచ్చింది. హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుంటూనే ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"గేటు దగ్గరికే వినపడుతున్నారు. ఇద్దరూ కలిసి పేషెంటుకి బీపీ కూడా తెప్పిద్దామనుకుంటున్నారా?"

ఎవరూ నవ్వలేదు. సిస్టర్ కూడా నవ్వుతారని అన్నది కాదు.

మంచం పక్కన కూర్చుని అత్తగారి మణికట్టు పట్టుకుంది. మోకాళ్ళ మధ్య దిండు సరిచేసింది. నుదుటి మీది చెమట తుడిచింది.

"అమ్మగారూ, మీ నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారు?"

"మార్కులెయ్యడం... మావాడి పని," అంది అత్తగారు పళ్ళ మధ్యనుంచి. "నేనైతే... ఫెయిలయ్యాను."

గుమ్మం దగ్గరున్న కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సిస్టర్ కోడలి వైపు చూసింది. "మందులు వేళకి పడుతున్నాయా?"

"పడుతున్నాయి."

"పొద్దున్న, మధ్యాహ్నం, అన్నీ?"

"అన్నీ," అంది కోడలు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! ఇంతకుముందు కూడా అడిగినప్పుడల్లా ఇదే చెప్పింది కాబట్టి, మాట నోటికి అలవాటైపోయింది.

సిస్టర్ వరండాలోకి వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడి వచ్చింది. "మోతాదు పెంచమన్నారు. ఈ పూట నుంచే. పెంచినా తగ్గకపోతే రేపు వార్డుకి మార్చేద్దామన్నారు."

వార్డు అన్న మాట వినపడగానే అత్తగారు కళ్ళు తెరిచింది. ఎవరినీ చూడలేదు, కిటికీ వైపు చూసింది. ఆ కిటికీలోంచి కనబడేదల్లా ఎదురింటి గోడా, దానిమీద నీళ్ళ ట్యాంకూ. చూడ్డానికి అంత గొప్ప దృశ్యమేమీ కాదు. అయినా ఆవిడ మంచం అక్కడే వేయించుకుంది. నన్ను ఇక్కడినుంచి కదపకండర్రా, ఇంకేమీ అడగను అని ఒక్కటే కోరింది.

కోడలికి వదినయ్యే ఆ అక్క అప్పటికే బ్యాగ్ దించి, మందు సీసా మూత తీసింది. సూది లేని సిరంజిలోకి మందు లాగుతోంది. సిస్టర్ చెప్పిన కొత్త గీత దాకా.

కోడలు అటే చూస్తోంది. ఆ గీత ఆమె చెప్పిన అబద్ధం మీద గీసిన గీత. అంత మందు ఒక్కసారిగా పడితే ఏమవుతుందో ఆమెకి తెలియదు. ఏమీ కాకపోతే మాత్రం, రేపు వార్డు. నోరు మూసుకుంటే అత్తగారి ఆఖరి కోరిక పోతుంది. నోరు తెరిస్తే ఆ గదిలో తన చోటు పోతుంది.

"ఆగండి వదినా."

వదిన ఆగలేదు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరినీ ఆపలేదు మరి.

కోడలు వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగండి. పెంచద్దు. నేను మధ్యాహ్నం మందు వెయ్యడం లేదు."

గాలి పరుపు మోటారు గుర్రుమంది, ఆగింది.

"వెయ్యడం లేదంటే?" అంది సిస్టర్.

"రెండింటికి వెయ్యాల్సింది. వెయ్యడం లేదు. ఇవాళ ఒక్కరోజే కాదు... కొన్నాళ్ళుగా."

సిస్టర్ గట్టిగా కళ్ళు మూసుకుని తెరిచింది. సిరంజి అందుకుని, అందులోది కొంత మళ్ళీ సీసాలోకి పంపింది. "పాత మోతాదే చాలు. మధ్యాహ్నం కట్టు తెంచుకున్న నొప్పిని సాయంత్రం మందు ఎక్కడినుంచి పట్టుకొస్తుంది? నేనింకా మందే పనిచెయ్యడం లేదనుకుంటున్నాను."

వదినకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అయ్యాక ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"అంటే, నేను రోజూ వచ్చి చూసే ఈ నరకం... నువ్వు పెట్టిందా?"

"వదినా..."

"మా అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నువ్వు పక్కనే నిలబడి చూశావు. టీ కూడా తెచ్చిచ్చావు."

భర్త ఒక్క మాటే అడిగాడు. "ఎందుకు?"

ఎన్నాళ్ళ తరవాతో అతను ఆమెను ఎందుకని అడగడం! జవాబు చెప్పాలంటే చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తోచలేదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు మందు ముందు నోరు మూసేసుకుంది. "వద్దే పిల్లా. అది పోస్తే నిద్రలోకి పోతాను. లేచేసరికి మళ్ళీ చీకటి. కాసేపు మనిషిలా ఉండనీ." ఒక్కరోజుకేగా అనుకుని కోడలు సీసా పక్కన పెట్టింది. అత్తగారు నీళ్ళ ట్యాంకుని చూస్తూ, ఉన్నట్టుండి, "పెళ్ళికి ముందు నేను గుండీల ఫ్యాక్టరీలో పనిచేశాను, తెలుసా?" అంది.

ఆమెకి తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారు ఆమెతో ఆడిన మాటలన్నీ స్టవ్ కట్టేశావా, తలుపేశావా, ఇది ఇలా కాదు అలా అన్నవే. ఆ రోజు మాత్రం ఆవిడ ఆపలేదు. చొక్కా గుండీలకి తూట్లు పొడిచే మిషను, దాని మీద కూర్చునే ముగ్గురమ్మాయిలు, ముగ్గురూ కలిసి అద్దెకున్న గది. ముగ్గురికీ కలిపి మంచి చెప్పులు ఒక్క జత. బయటికి వెళ్ళే పని పడితే వంతులు. ఓ సెలవురోజు ముగ్గురికీ ఒకేసారి బయటికి వెళ్ళాలని బుద్ధి పుట్టి, ఒకమ్మాయి ఒక చెప్పూ, ఇంకో అమ్మాయి ఇంకో చెప్పూ వేసుకుని, ఈవిడ ఉత్తకాళ్ళతో, ఊరంతా తిరిగారట. చెబుతూ చెబుతూ అత్తగారు నవ్వింది. నవ్వితే వెన్ను పట్టేసింది. అయినా నవ్వింది.

మర్నాడు కోడలు సీసా తీసుకుని వెళ్ళేసరికి ఆవిడ, "నిన్న ఎక్కడ ఆపాను?" అంది. కోడలు సీసా పక్కన పెట్టేసింది.

ఇది తప్పని ఆమెకి తెలుసు. మధ్యాహ్నం దాటేకొద్దీ ఆవిడ మాట ముక్కలవడం, దుప్పటి అంచు పట్టుకునే వేళ్ళు తెల్లబడటం చూస్తూనే ఉంది. వేసేయనా అత్తయ్యా అని అడిగితే ఆవిడ అడ్డంగా తలూపేది. ఇంకొకసారి గట్టిగా అడిగితే ఊఁ అనేదేమో. కోడలు గట్టిగా అడగలేదు. ఎందుకంటే ఆమె సంతోషంగా ఉంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొట్టమొదటిసారి, ఫలానా వేళకి ఒక మనిషి తనకోసం ఎదురు చూస్తూ ఉంటుందని తెలిసి సంతోషంగా ఉంది. చావు దగ్గరపడ్డ మనిషి పక్కన కూర్చుని సంతోషపడటం ఏ లెక్కన సరైందో లెక్కల మాస్టారు చెప్పగలడా?

అందుకే ఆమె క్లుప్తంగా, "అత్తయ్యే వద్దన్నారు," అంది.

"అమ్మ నొప్పి కావాలందా?" అంది వదిన.

"నొప్పి కాదు. మెలకువ కావాలన్నారు."

"దేనికి?"

"కాసేపు మాట్లాడుకోడానికి."

"ఎవరితో?"

కోడలు తల వంచుకుంది. "నాతో."

వదిన నవ్వింది. చెవులకి పెట్టుకున్న బంగారం కూడా కదలనంత చిన్న నవ్వు. "నీతోనా? నేను రోజూ ఈ కుర్చీలో గంటల తరబడి కూర్చుంటే ఒక్క మాట లేదు. ఎవరొచ్చారో కూడా చూడదు. నన్ను చూడ్డానికి కళ్ళు తెరవని మా అమ్మ నీతో కబుర్లు చెప్పడానికి నొప్పి ఓర్చుకుందా? ఎవరికి చెబుతావు ఈ కథ?"

"అమ్మనే అడగండి," అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

"అడగాల్సింది ఆవిడనే," అంది సిస్టర్. "మందు ఎవరికో వాళ్ళ మాటే నాకు లెక్క. వేశాక నిద్రపోతారు కాబట్టి ఇప్పుడే అడుగుతాను." మంచం మీదికి వంగింది. "అమ్మగారూ, వినపడుతోందా? మీకు నిద్ర వద్దనిపిస్తే నాకు చెప్పచ్చు. తప్పేం లేదు. మధ్యాహ్నం మందు వద్దని మీరే అన్నారా?"

అత్తగారు కళ్ళు తెరిచింది. ముందు కోడలి వైపు చూసింది. తరవాత కూతురి వైపు.

కూతురు మంచం పట్టె పట్టుకుని వంగి ఉంది. దుకాణంలో కౌంటరు వెనక గద్దించి మాట్లాడే పెద్దమనిషి మొహం కాదది. బడి నుంచి ఆలస్యంగా తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మను చూసే పిల్ల మొహం. అన్నానని మాత్రం అనకు అని ఆ మొహం బతిమాలుతోంది.

అత్తగారు పెదవులు తడుపుకుంది.

"నాకేం తెలుసు సిస్టర్?" అంది. "ఏది పోస్తే... అది మింగాను."

కోడలు ఏదో అనడానికి నోరు తెరిచింది. అత్తగారి చూపు తన మీద లేదు, కిటికీ మీదా లేదు, కళ్ళు మూసేసుకుంది. కోడలు కూడా నోరు మూసేసుకుంది.

"విన్నావా?" అంది వదిన మెల్లగా. "ఇక చాలు. రేపటి నుంచి దుకాణం తెరవను. అమ్మని నేనే చూసుకుంటాను. నువ్వీ గదిలోకి రావద్దు."

తమ్ముడు అక్కనీ చూడలేదు, భార్యనీ చూడలేదు. చేతిలో ఫోన్‌ని జేబులో పెట్టుకున్నాడు.

సిస్టర్ మందు వేసింది. అరగంటకి మూలుగు పల్చబడింది. ఇంకాసేపటికి అసలు లేదు. ఇన్నాళ్ళకి ఆ సాయంత్రం ఇంట్లో నిశ్శబ్దం వచ్చింది. వంటగదిలో నిలబడి వింటూ, హమ్మయ్య, నొప్పి తగ్గింది అనుకుంది కోడలు. నిజంగానే అనుకుంది. ఆ వెంటనే తనకింక ఎవరూ లేరనిపించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సిస్టర్ వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కాస్త ఆగింది. హెల్మెట్ చేతిలోనే ఉంది.

"మీరు చెప్పిందే నిజం కదా?"

కోడలు గేటు గడియ తీసి పట్టుకుంది.

"ఆవిడ అలా ఎందుకందో కూడా నాకు తెలుసు. నేను ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. అయినా మీ మీద నాకు కోపంగానే ఉంది," అంది సిస్టర్. "మెలకువ కావాలంటే దానికీ దారి ఉంది. కొంచెం కొంచెంగా, దగ్గర దగ్గరగా వేసేవాళ్ళం. నొప్పీ ఉండేది కాదు, మాటా పోయేది కాదు. ఒక్క ముక్క నాతో అంటే సరిపోయేది. ఇద్దరూ కలిసి సొంత వైద్యం చేశారు."

"ఇప్పుడు వెయ్యచ్చా అలా?"

సిస్టర్ హెల్మెట్ పట్టీని అటూ ఇటూ లాగింది. "డాక్టర్‌ని అడుగుతాను. కానీ ఆవిడ కాళ్ళు చూశారుగా, చల్లబడుతున్నాయి. ఇకమీద వచ్చే నిద్ర అంతా మందుది కాదు. జబ్బుది. దాన్ని మనం తగ్గించలేం."

బండి మలుపు తిరిగేదాకా కోడలు అక్కడే నిలబడింది. లోపలికి వెళ్ళాలనిపించలేదు. వెళ్ళడానికి వేరే చోటూ లేదు.

* * *

పొద్దున్న భర్త బూట్ల లేసులు కట్టుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు.

"నాకైనా చెప్పాల్సింది."

"ఎప్పుడు చెప్పను?"

అతను లేసు ముడి విప్పి మళ్ళీ కట్టాడు. నిలబడి సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఏదో అంటాడని ఆమె చూసింది. "తలుపేసుకో," అన్నాడు.

ఆమె తలుపేసుకుంది.

ముందు గది తలుపు మాత్రం వదిన వేసుకుంది. గడియ పెట్టలేదు, ఊరికే దగ్గరగా వేసింది. దానివల్ల లోపలేం జరుగుతోందో కనపడదు గానీ అంతా వినపడుతుంది. వదిన తల్లికి దూదితో పెదవులు తడిపింది. పక్కకి తిప్పబోయి, బరువు మొయ్యలేక, ఒక్కర్తే తంటాలు పడింది. పిలిస్తే వెళ్దామని కోడలు గుమ్మం దాకా వచ్చింది. వదిన పిలవలేదు.

"అమ్మా, నేను. ఇవాళ దుకాణానికి వెళ్ళలేదు. పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాను. చూడు."

జవాబు లేదు.

"నొప్పి ఉందా అమ్మా? లేదు కదా? హాయిగా ఉందా?"

ఊఁ అన్నట్టుంది. అనలేదో.

వదిన మాట్లాడుతూనే ఉంది. దుకాణంలో కుర్రాడు అద్దం తిరగేసి బిగించిన సంగతి, పై వాటాలో దిగిన కొత్తవాళ్ళు మెట్ల మీద సైకిలు పెడుతున్న సంగతి. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే తల్లి రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్న సంగతి. అది చెప్పి, గుర్తుందా అమ్మా అని అడిగి, చాలాసేపు ఆగింది. గాలి పరుపు మోటారు ఒక్కటే పలికింది.

వంటగదిలో ఆ మాటలు వింటుంటే కోడలికి వదిన మీద కోపం రావాలి. రాలేదు. జవాబు రాని మనిషితో మాట్లాడటం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో తనకంటే బాగా ఎవరికి తెలుసు?

రెండింటి మందు వదినే వేసింది. వేశానని గట్టిగా, బయటికి వినపడేలా చెప్పింది కూడా. తరవాత ఆ గదిలో మాటలు ఆగిపోయాయి.

కోడలు అంట్లు తోమింది. తోమినవే మళ్ళీ కడిగింది. ఆ వేళకి చెయ్యడానికి ఏ పనీ పెట్టుకోకుండా ఉండటం ఆమెకి అలవాటైపోయింది. ఇప్పుడు ఆ వేళని ఏం చేసుకోవాలో తెలియలేదు.

తలుపు చప్పుడైంది. వదిన వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. కళ్ళజోడు చేతిలో ఉంది. ఎప్పుడూ మెరిసిపోతుండే ఆ అద్దాలు మసకగా ఉన్నాయి.

"అత్తయ్యకి...?" అంది కోడలు.

"ఏం కాలేదు. పడుకుంది." వదిన గుమ్మానికి ఆనుకుంది. "అమ్మ నిన్ను ఏమని పిలుస్తుంది?"

"పిల్లా అంటారు."

"నన్నెప్పుడూ అలా అనలేదు." కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది. "ఇందాక కళ్ళు తెరిచింది. నా చెయ్యి పట్టుకుంది. నేనెంత సంబరపడ్డానో! పిల్లా, తలుపేశావా అంది. వేశానన్నాను. నేనని చెప్పలేదు. చెబితే చెయ్యి వదిలేస్తుందేమోనని భయమేసింది."

కోడలు చేతిలో గిన్నె గట్టు మీద పెట్టింది.

"నిన్న అబద్ధమాడాను, ఏమనుకోకు అంది." వదిన గొంతు నిలకడగానే ఉంది. మరీ నిలకడగా ఉంది. "నువ్వైతే ఓర్చుకుంటావు, అది ఓర్చుకోలేదు అంది. అది అంటే నేనే."

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. కోడలు చెయ్యి చాపి దాన్ని బిగించింది. బిగించినా కారుతోంది.

"నాకోసం అబద్ధమాడి నన్ను మోసం చేసిందో, నీకోసం నొప్పి భరించి నన్ను మోసం చేసిందో నాకు తెలియడం లేదు," అంది వదిన. "నువ్వు నిన్న ఎందుకు ఊరుకున్నావు? ఇంకొక్కసారి గట్టిగా చెప్పచ్చుగా?"

"అత్తయ్య చెప్పొద్దనుకున్నారు కదా అని."

"మా అమ్మ మాట నీకు అంత వేదమా?"

"కాదు వదినా. ఆవిడ నాతో మాట్లాడారు, అంతే."

వదిన దగ్గర దీనికి తిట్టు లేదు. గోడకి ఆనించిన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ వంటగదిలో కూర్చోలేదు.

"ఏం మాట్లాడుకునేవారు?"

"ఆవిడ ఫ్యాక్టరీలో పనిచేసినప్పటి సంగతులు."

"ఏ ఫ్యాక్టరీ?"

"గుండీల ఫ్యాక్టరీ."

వదిన ఆమెను అలాగే చూస్తూ ఉండిపోయింది. "మా అమ్మ ఫ్యాక్టరీలో పనిచేసిందా?"

కోడలు ఆ గది గురించి చెప్పింది. ముగ్గురమ్మాయిల గురించి, ఒక్క జత చెప్పుల గురించి చెప్పింది. ఉత్తకాళ్ళతో ఊరంతా తిరిగిందని చెప్పినప్పుడు వదిన నవ్వబోయింది. అది సగంలోనే ఇంకేదో అయిపోయింది. పుట్టినప్పటినుంచీ తన సొంతమనుకున్న మనిషి గురించి, బయటినుంచి వచ్చిన మరదలి నోట వినవలసి వచ్చింది కదా. ఆ బాధ చిన్నదేమీ కాదు.

"ఇంకా?"

"ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గురించి. ఆయన గుండీలు లెక్కపెడుతూ నిద్రపోయేవాడట."

"ఇంకా?"

"ఆ ముగ్గురిలో ఒకమ్మాయికి పెళ్ళి కుదిరి వెళ్ళిపోతుంటే, ఆ చెప్పులు ఎవరికివ్వాలని దెబ్బలాడుకున్నారట."

"మరి నేను?"

కోడలు తల ఎత్తి చూసింది.

వదిన కళ్ళజోడు పెట్టుకుంది. నిన్న మంచం పట్టె దగ్గర వంగినప్పటి మొహమే మళ్ళీ వచ్చింది.

"అన్ని మధ్యాహ్నాలు మాట్లాడుకున్నారు కదా. నా గురించి ఎప్పుడైనా ఏమైనా అందా?"

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. కూతురి మాటా రాలేదు, కొడుకు మాటా రాలేదు, పోయిన మొగుడి మాటా రాలేదు. అత్తగారి కథ ఇంకా ఆ అద్దె గది దాటి బయటికి రాలేదు. ఆవిడకి అందులో ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఇక ఆ కథ ముందుకు నడవదని కోడలికి తెలుసు.

నిన్న నిజం చెప్పినందుకు ఏమైందో కూడా తెలుసు.

ముందు గదిలోంచి గాలి పరుపు మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. కోడలు తడి చేతులు కొంగుకి తుడుచుకుని, వదిన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అన్నారు వదినా," అంది. "చాలా అన్నారు."

వదిన పీట మీద ముందుకు జరిగింది. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏమంది?"